ఏడు కొండల ఊరు, అమ్మ మోకాలు, పిల్లల పట్టు

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే యూరప్‌లో ఉండే మనవాళ్ళ దగ్గర ఒకటే జాబితా ఉంటుంది: పారిస్, స్విస్, వీలైతే ఆమ్‌స్టర్‌డామ్. ఈసారి మా అమ్మ వచ్చింది, 90 రోజుల షెంజెన్ వీసా మీద. జర్మనీలో హాజరు చట్టం గట్టిది. సెలవులు కాని రోజుల్లో బడి మాన్పించి పిల్లల్ని విమానం ఎక్కించడం కుదరదు. అలా అక్టోబరు సెలవులే మిగిలాయి. అందులోనూ మా ఇద్దరికీ ఆఫీసులో దొరికింది కొద్ది రోజులే. ఆ కాస్తలో ఎక్కడికి వెళ్దామంటే నేను లిస్బన్ అన్నాను.

"అదెక్కడే?" అంది అమ్మ. "ఈఫిల్ టవర్ దగ్గర ఫోటో లేకుండా పంపిస్తే తెనాలిలో అత్తయ్యగారు ఏం చెప్పుకుంటారు?" అన్నారు మా ఆయన.

ఆఫీసు పని మీద పోర్చుగల్ రాజధాని అయిన ఆ ఊరు వెళ్ళొచ్చినదాన్ని కాబట్టి నా లెక్కలు నాకున్నాయి. అక్టోబరు వచ్చేసరికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమ్మ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది. అదే నెలలో లిస్బన్‌లో పగలు ఇరవై డిగ్రీలు దాటి ఎండ ఉంటుంది. విమానంలో మూడు గంటలు. అదే వీసా చెల్లుతుంది. ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే ఉన్నట్టు, మెట్రో ఎర్ర లైను దాని లోపలి నుంచే బయల్దేరుతుంది. పైగా ఈ ఏడాది మా పెద్దదానికి చరిత్రలో సముద్ర అన్వేషణల పాఠం ఉంది. ఆ సంగతి తర్వాత చెప్తాను, దాని మీద ఇంట్లో పెద్ద రగడే జరిగింది.

చిక్కల్లా కొండలతో. లిస్బన్‌ని ఏడు కొండల ఊరంటారు. ఆ మాట వినగానే అమ్మ ముఖం వెలిగింది. "అలిపిరి నుంచి 3,550 మెట్లు గోవింద గోవింద అనుకుంటూ ఎక్కినదాన్ని, మీ ఊళ్ళో కొండలెంత?" అంది. ఎక్కింది నిజమే, ఎప్పుడో నేను పుట్టకముందు. ఇప్పుడు మోకాలికి పట్టీ లేకుండా మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తుకే ఎక్కలేదు. తిరుమలలో మెట్లైనా ఒక వరసలో ఉంటాయి. ఇక్కడ ఎక్కిన ప్రతి కొండా దిగి మళ్ళీ ఇంకోటి ఎక్కాలి.

అందుకని నేను మ్యాప్‌లో దూరాలు చూడటం మానేసి ఎత్తులు చూడటం మొదలుపెట్టాను. పెద్దవాళ్ళతోనో, తోపుడు బండిలో పసిపిల్లతోనో వెళ్ళేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఇదొక్కటే. మ్యాప్‌లో 400 మీటర్లు అని కనిపించే దారి ఒక్కోసారి గోడ ఎక్కినట్టు ఉంటుంది. బస బైషాలో తీసుకోవాలి. నది ఒడ్డున ఉన్న చదునైన పేట అది. 1755 నవంబరు 1న భూకంపం, దాని వెనకే సునామీ, మంటలు వచ్చి ఊరిని తుడిచిపెట్టాక, మంత్రి పొంబాల్ చదరంగం గళ్ళలా మళ్ళీ కట్టించాడు. గోడల లోపల చెక్కతో పంజరాల్లాంటి చట్రాలు బిగించి, అవి భూకంపానికి ఆగుతాయో లేదో చూడ్డానికి చుట్టూ సైనికుల చేత కవాతు చేయించారని చెప్తారు. మా చిన్నాడు ఈ ముక్క విన్న దగ్గర్నుంచి సోఫా మీద కవాతు చేస్తున్నాడు.

బైషా నుంచి పైకి వెళ్ళడానికి డబ్బు పెట్టక్కర్లేని దారులున్నాయి, అవి తెలిస్తే సగం పని అయినట్టే. బైషా-షియాదు మెట్రో స్టేషన్‌లో కింది వాకిలి దగ్గర లోపలికి వెళ్ళి ఎస్కలేటర్ల మీద ఎక్కుతూ పోతే పై వాకిలి కొండ మీది షియాదు పేటలో తేలుతుంది. మెట్రో ఎక్కక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు. అక్కణ్ణుంచి కొద్ది దూరంలో కార్ము చర్చి. భూకంపంలో కప్పు కూలితే అలాగే వదిలేశారు, కమానుల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంది. దాని వెనక వసారా మీదికి వెళ్తే, 1902 నాటి శాంతా జుస్తా లిఫ్టు కోసం కింద గంటసేపు వరసలో నిలబడ్డవాళ్ళు చూసే ఊరే మనకీ కనిపిస్తుంది. కోట వైపు వెళ్ళాలంటే ఫాంకైరుష్ వీధిలో ఒక భవనం లోపల నగరపాలక సంస్థ పెట్టిన లిఫ్టు ఉంది, దాన్ని దిగి కాస్త నడిస్తే సూపర్ మార్కెట్ భవనంలో ఇంకో లిఫ్టు. అదీ వద్దనుకుంటే ఫిగైరా చౌకు నుంచి 737 నంబరు చిన్న బస్సు కోట గుమ్మం దాకా వెళ్తుంది. అందరూ ఫోటోలు పెట్టే 28వ నంబరు పసుపు ట్రాము మా ప్లాన్‌లో లేదు. పొద్దున్నే మొదటి బండి అయితే సరే, తర్వాత నిలబడటానికే చోటుండదు, పైగా జేబుదొంగలు. ఎక్కేదాకా వరసలో నిలబడితే అమ్మ మోకాలు ఊరుకోదు.

తీగతో లాగి కొండ ఎక్కించే ఫ్యునిక్యులర్ బళ్ళ సంగతి అమ్మే ఎత్తింది. 2025 సెప్టెంబరు 3న గ్లోరియా ఫ్యునిక్యులర్ తీగ ఊడి, బండి కిందికి దూసుకుపోయి 16 మంది చనిపోయారు. ఆ దృశ్యాలు తెనాలిలో టీవీలో చూసిందట. "అది మాత్రం ఎక్కను" అంది. ఎక్కించే ఉద్దేశం నాకూ లేదు.

ఇక చెప్పులు. లిస్బన్ కాలిబాటలు సున్నపురాయి ముక్కలు పొదిగి చేసినవి. తెల్లగా, నల్లగా అలల ముగ్గులు వేసినట్టుంటాయి. ఏళ్ళ తరబడి పడ్డ అడుగులకి నున్నగా అరిగిపోయాయి. చినుకు పడిందంటే సబ్బు రాసినట్టే, అందులోనూ వాలు. చీర మీదికి స్పోర్ట్స్ బూట్లు వేసుకోనని అమ్మ. ఆ పట్టు సడలించింది పెద్దది. తన తెల్ల బూట్లు, అమ్మమ్మ చీర, ఇది ఇప్పుడు ఫ్యాషనేనని ఫోన్‌లో ఎవరెవరి ఫోటోలో చూపించి ఒప్పించింది. నేను చెప్తే వినేది కాదు.

చిన్నాడికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లో వస్తుంది. శనివారం తెలుగు తరగతికి పంపాలంటే ప్రతిసారీ ఒక యుద్ధం. ఇప్పుడు అమ్మ తన కోసం స్టేషన్ల పేర్లు తెలుగులో ఒక కాగితం మీద రాసుకుంటోంది: రొసియు, కైష్ దు సొద్రె, ఒరియెంత్. నేను పలికి వినిపిస్తే ఆవిడ విన్నది విన్నట్టు రాస్తుంది. రిటైరైన తెలుగు టీచరు, ఒత్తులు ఎక్కడా తప్పవు. వాడు పక్కన కూర్చుని ఆ కాగితం చూసి ఇంకో కాగితం మీద దించుతున్నాడు, అది వాడి "రహస్య మ్యాప్" అట. అక్క చదవలేకపోవాలని వాడి ఆశ. అక్కకి తెలుగు చదవడం వచ్చని వాడికింకా ఎవరూ చెప్పలేదు.

మా ఇంట్లో ప్రయాణాలకి ఒక పద్ధతి పెట్టాం. తలా ఒకటి కోరుకోవచ్చు. ఆ ఒక్కటి ఎంత విడ్డూరంగా ఉన్నా మిగతావాళ్ళు గొణక్కుండా వెంట రావాలి. చిన్నాడు ఓషనేరియం కోరుకున్నాడు. 1998 ఎక్స్‌పో కోసం కట్టారు, నడిమి తొట్టె ఒక్కదానిలోనే 50 లక్షల లీటర్ల నీళ్ళు, అందులో సొరచేపలు. ఆ పేట అంతా చదును, నది ఒడ్డున బెంచీలు, కాబట్టి అమ్మ మోకాలికి అది విశ్రాంతి రోజు. మా ఆయన సింత్రా కోటలన్నారు. అది ఊరి బయట మళ్ళీ కొండే, రోజంతా పడుతుంది. ఆయన కోరిక ఈసారికి కొట్టేశాం. తలా ఒకటి అని పద్ధతి పెట్టింది కూడా ఆయనే, అందుకే ఎక్కువ మాట్లాడలేదు.

అమ్మ కోరిక మాత్రం నేను ఊహించనిది. సూర్యలంకలో, బందరులో సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూసిందట కానీ, సముద్రంలోకి దిగడం ఎప్పుడూ చూడలేదట. మనది తూర్పు తీరం మరి. లిస్బన్‌ది పడమటి తీరమే అయినా ఊరు మాత్రం తేజు నది ముఖద్వారం లోపల ఉంది. అసలు సముద్రం చూడాలంటే వంతెన దాటి కపారికా వెళ్ళాలి. పడమటికి తిరిగిన పొడవాటి ఇసుక తీరం, బస్సులో వెళ్ళొచ్చు. అట్లాంటిక్ నీళ్ళు చల్లగా ఉంటాయి, పాదాలు తడపడానికి సరిపోతుంది. ఒక సాయంత్రం దానికి రాసిపెట్టాం.

తిండి దగ్గర అందరికీ ఒకటే సలహా, వంటగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకోండి. అమ్మ గుడ్డు కూడా తినదు. ఆ ఊరు చూస్తే గుడ్డు పచ్చసొన మీద నడిచే ఊరు. పూర్వం మఠాల్లో సన్యాసినులు బట్టలకి గంజి పెట్టినట్టు తెల్లసొన పెట్టేవారని, మిగిలిన పచ్చసొనలతో ఈ మిఠాయిలన్నీ పుట్టాయని అంటారు. నది ఒడ్డునే ఉన్న బెలెం పేటలో 1837 నుంచి నడుస్తున్న కొట్టు దగ్గర పిల్లలు కస్టర్డ్ పూరీలు లాగిస్తుంటే అమ్మ ముక్కు మూసుకుని ఎండలో నిలబడుతుంది, ఇది ఇప్పుడే చెప్పగలను. హోటల్లో కూర్చోగానే అడక్కుండా తెచ్చి పెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కాదు. ముట్టుకుంటే బిల్లులో వస్తాయి, వద్దంటే తీసుకెళ్ళిపోతారు. బంగాళాదుంప, ఆకుకూర సూపు చూడ్డానికి మనదే అనిపిస్తుంది గానీ అందులో పంది సాసేజి ముక్క వేస్తారు. పప్పూ బియ్యం కోసం మార్తీం మునీష్ పేటకి వెళ్తే చాలు, చుట్టూ బంగ్లాదేశ్, నేపాల్, ఇండియా వాళ్ళ కొట్లే. ఆవకాయ సీసా అమ్మ పెట్టెలో ఇప్పటికే సర్దేసింది. ఆ కారం మన దేశానికి వచ్చిందే పోర్చుగీసు ఓడల్లో అని చెప్తే, గుంటూరు మిర్చి యార్డు పక్కన పెరిగిన మనిషి నన్ను అదోలా చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఊరికి ఉత్తరాన లుమియార్‌లో రాధాకృష్ణుల గుడి ఉంది. 1975లో మొజాంబిక్‌కి స్వాతంత్ర్యం వచ్చాక అక్కణ్ణుంచి పోర్చుగల్ చేరిన గుజరాతీలు నిలబెట్టుకున్న సమాజం అది. శాకాహార భోజనం పెడతారు. వేళలు ఫోన్ చేసి కనుక్కుని చివరి రోజు మధ్యాహ్నం అక్కడ తిని ఎయిర్‌పోర్టుకి పోవాలని ప్లాన్. "సెలవుల్లో కూడా గుడేనా?" అంది పెద్దది. గుజరాత్ నుంచి ఆఫ్రికా, ఆఫ్రికా నుంచి ఇక్కడికి అనేసరికి ఆగింది. వాళ్ళ పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. వెళ్ళాక నువ్వే అడుగు అన్నాను.

పెద్దదాని కోరిక బెలెంలో జెరోనిముష్ మఠం. కోరిక అనడం కూడా సరికాదు, అది అక్కడ వాస్కోడగామా సమాధి ముందు నిలబడి పాఠాన్ని నిలదీయాలనుకుంటోంది. నేను చదువుకున్నప్పుడు ఆయన ఒక మార్కు ప్రశ్న: 1498, కాలికట్. దాని పుస్తకంలో రంగుల మ్యాపులో ఓడ దారి ఉంది, "కనుక్కున్నాడు" అని ఉంది. తూర్పు ఆఫ్రికాలోని మలింది రేవులో దారి తెలిసిన స్థానిక నావికుణ్ణి ఎక్కించుకుని వచ్చాడని నేను చెప్పాను. 1502లో రెండోసారి వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని ఆడవాళ్ళతో, పిల్లలతో సహా కాల్చేశాడని, ఆ సంగతి ఆయన నౌకాదళంలోని పోర్చుగీసు మనిషే రాసిపెట్టాడని కూడా చెప్పాను. ఆ రాత్రి అది భోజనం సరిగ్గా చేయలేదు. మర్నాడు "అయితే మనం అక్కడికి ఎందుకు వెళ్ళడం?" అని అడిగింది.

సరిగ్గా అందుకే వెళ్ళాలని నా పట్టు. ఇక్కడ పెరిగే పిల్లలకి బళ్ళో ఒక కథ, ఇంట్లో ఇంకో కథ దొరుకుతాయి. రెండూ వేర్వేరు గదుల్లో ఉండిపోతే దేనికీ జవాబు చెప్పాల్సిన పని ఉండదు. ఆ మఠం గోడలకి ఖర్చు పెట్టింది ఆఫ్రికా, తూర్పు దేశాల వ్యాపారం మీద వేసిన 5 శాతం పన్ను. రాతిలో చెక్కిన తాళ్ళు, లంగర్లు ఎంత అందంగా ఉన్నా ఆ లెక్క తెలిసి చూడాలి. ఆయన 1524లో కొచ్చిలో పోయాడు. అక్కడి ఫ్రాన్సిస్ చర్చిలో మొదటి సమాధి ఖాళీగా ఉంది, కేరళ వెళ్ళినప్పుడు పిల్లలు చూశారు. ఎముకల్ని తర్వాత పోర్చుగల్ తెచ్చుకున్నారు.

ఈలోగా అమ్మ కలగజేసుకుంది. "మరి మన రాయలవారు వాళ్ళ దగ్గరే కదే గుర్రాలు కొన్నది!" అంది. నిజమే. గోవా పోర్చుగీసు చేతికి వచ్చాక అరేబియా గుర్రాలు ఆ రేవు మీదుగానే విజయనగరం చేరేవి. దాదాపు 1520లో వచ్చిన డొమింగో పేస్ కృష్ణదేవరాయల్ని కళ్ళారా చూసి, మధ్యరకం ఎత్తు, మంచి ఛాయ, ముఖాన మశూచి మచ్చలు అని రాశాడు. మన రాయలు ఎలా ఉండేవాడో ఒక పోర్చుగీసు యాత్రికుడు చెప్తే మనకి తెలిసింది. పెద్దది నోట్సులో ఏదో కొట్టేసి మళ్ళీ రాసుకుంది. "అంటే రాయలకి ఓడ కాల్చిన సంగతి తెలుసా?" అని అడిగింది. అమ్మ దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. దాని ప్రెజెంటేషన్‌కి ఇప్పుడు శీర్షిక మారింది, జర్మన్‌లో ఏం పెట్టిందో ఇంకా చూపించలేదు.

మఠం ఎదుట రోడ్డు దాటితే నది ఒడ్డున అన్వేషకుల స్మారకం. 1960లో, నియంతృత్వ కాలంలో నిలబెట్టింది. దాని ముందు నేల మీద పాలరాతితో పెద్ద ప్రపంచ పటం పరిచారు. అమ్మ అక్కడ కూర్చుంటుంది, పిల్లలు దాని మీద నడిచి కాలికట్ వెతుకుతారు. లిస్బన్‌కి 2007 నుంచి 2015 దాకా మేయరుగా, తర్వాత దేశ ప్రధానిగా ఉన్న ఆంటోనియో కోస్టా మూలాలు తండ్రి వైపున గోవాలోనివి. ఇప్పుడు యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు. ఇక్కడి టీవీలో కనబడ్డప్పుడల్లా చిన్నాడు "మన తాతయ్యలా ఉన్నాడు" అంటాడు.

"సమాధి చూస్తాను గానీ దణ్ణం మాత్రం పెట్టను" అని అమ్మ ముందే చెప్పేసింది. మఠానికి సోమవారం సెలవు. మేం దిగేది ఆదివారం, కాబట్టి సోమవారం చేపలు, మంగళవారం తలుపులు తీసే వేళకి బెలెం. మార్తీం మునీష్ కొట్టుకి ఆదివారం సాయంత్రమే వెళ్ళి బియ్యం తెచ్చుకోవాలి.