పప్పు డబ్బా మీది నవ్వు

మా వంటింట్లో శనగపప్పు పోసుకునే డబ్బా పాతకాలపు పసుపు రంగు రేకు డబ్బా. పారిస్ శివారులో మేముండే ఊళ్ళో ఏటా వీధిలో పాత సామాన్ల సంత పెడతారు. అక్కడ రెండు యూరోలకు కొన్నాను. మూత బిగుతుగా ఉంది, పురుగు పట్టదు. నేను చూసుకున్నది అంతే. దాని మీద ఎర్ర టోపీ పెట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఆఫ్రికా మనిషిని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నా, చూడలేదు.

మొన్న నవంబరులో మావాడు బడి నుంచి ఒక కాగితం తెచ్చి, "అమ్మా, మన పప్పు డబ్బా!" అన్నాడు. వాడిప్పుడు త్రోజియెమ్. ఇక్కడ తరగతులు పైనుంచి కిందికి లెక్కపెడతారు, అంటే మన తొమ్మిదో తరగతి. మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో భాగంగా ఒక పోస్టర్ ఇచ్చి విశ్లేషించమన్నారట. బనానియా పోస్టర్, 1915లో జాకొమో ద ఆండ్రేయిస్ వేసింది. అరటిపండు పిండి, కోకో, చక్కెర కలిపిన పొడి అది. పాలల్లో కలుపుకు తాగుతారు, మన హార్లిక్స్ లాగా.

హోంవర్క్ పద్ధతి నాకు నచ్చింది. ముందు కంటికి కనిపించేది మాత్రమే రాయాలి. అర్థాల జోలికి తర్వాత వెళ్ళాలి. మావాడు మొదటి లైనే "సంతోషంగా ఉన్న సైనికుడు" అని రాశాడు. "అది కనిపించేదా, అనిపించేదా?" అన్నాను. కొట్టేసి "నోరు తెరిచి నవ్వుతున్నాడు" అని రాశాడు.

పసుపు నేపథ్యం అరటిపండుది. టోపీ ఎరుపు, దాని కుచ్చు నీలం. చేతిలో చెంచా. సంవత్సరం 1915, యుద్ధం రెండో ఏడు. కానీ బొమ్మలో బురద లేదు, గాయం లేదు. పశ్చిమ ఆఫ్రికాలోని తన వలస రాజ్యాల నుంచి ఫ్రాన్స్ ఆ యుద్ధానికి 1,50,000 మందికి పైగా సైనికులను పోగుచేసింది. సెనెగల్ సైనికులని పేరే గానీ, ఎన్నెన్నో చోట్ల నుంచి వచ్చినవాళ్ళు. వేలమంది మళ్ళీ ఇల్లు చూడలేదు. పోస్టర్ చూసిన ఫ్రెంచి తల్లికి మాత్రం అందిన కబురు వేరు: ఇతను మనవైపే ఉన్నాడు, కడుపు నిండింది, భయపడాల్సిన పని లేదు, ఈ పొడి కొనండి. అంతకుముందు అదే పొడి ప్రకటనల్లో కరీబియన్ దీవుల స్త్రీ బొమ్మ ఉండేది. యుద్ధం రాగానే ఆమె పోయి ఇతనొచ్చాడు. ఎవరి నవ్వు అమ్ముడుపోతే వాళ్ళది!

ఇక కింద రాసిన మాట. "యా బోన్." మావాడు చదివి పకపకా నవ్వాడు. బాగుంది అనడానికి "సె బోన్" అనాలి. ఇది వచ్చీరాని ఫ్రెంచి.

నాకు నవ్వు రాలేదు. బ్రెడ్డు కొట్లో ఏళ్ళ తరబడి నేను "అఁ బాగెట్" అని అడిగేదాన్ని. "యూన్ బాగెట్" అనాలట, అది స్త్రీలింగం. రొట్టె ఆడదని నాకెలా తెలుస్తుంది? కొట్టామె పెదవి బిగించి నవ్వు ఆపుకునేది. వీడు ఆరేళ్ళ వయసులో నా కొంగు పట్టుకుని, తల వంచుకుని, గొంతు తగ్గించి "యూన్, అమ్మా" అనేవాడు.

ఇద్దరం కూర్చుని వెతికితే ఇంకో సంగతి తెలిసింది. 1916లో ఫ్రెంచి సైన్యం కోసం ఒక చిన్న పుస్తకం అచ్చయింది, ఆఫ్రికా సైనికులతో ఎలాంటి ఫ్రెంచి మాట్లాడాలో చెబుతూ. క్రియలకు రూపాలు మార్చొద్దు, అన్నీ కుదించి చెప్పండి అని అందులో ఉంది. అంటే ఆ వంకర ఫ్రెంచి వాళ్ళకు రాక మాట్లాడింది మాత్రమే కాదు, పనిగట్టుకుని నేర్పింది కూడా. ఇంటి దగ్గర వొలోఫో బంబారానో, తమ సొంత భాషలో గడగడా మాట్లాడేవాళ్ళకు ముక్కల భాష అందించి, ఆ ముక్కలనే గోడలకెక్కించి నవ్వుకున్నారు. తర్వాతి కాలంలో సెనెగల్ అధ్యక్షుడైన కవి సెంఘోర్, ఫ్రాన్స్ గోడల మీది ఈ బనానియా నవ్వులన్నీ చింపేస్తానని కవితలో రాశాడు. అది 1948లో పుస్తకంగా వచ్చింది.

మావాడు అదంతా రాసుకున్నాడు. పెన్ను మూత పెడుతూ, మామూలుగానే, "కాకినాడలో బావావాళ్ళు నాతో చేయించింది ఇదే కదా" అన్నాడు.

రెండేళ్ళ కిందటి సెలవులు. వీడు "అమ్మమ్మ వచ్చాడు" అన్నాడు. మా అన్నయ్య పిల్లలు పడీపడీ నవ్వి, మళ్ళీ అను, ఇంకోసారి అను అని నాలుగైదు సార్లు అనిపించి వీడియో తీశారు. వీడు కూడా నవ్వుతూనే అన్నాడు. అందుకే మాకెవరికీ ఏమీ అనిపించలేదు.

"వాళ్ళు పిల్లలురా, ముద్దుగా ఉందని..." అన్నాను.

"నువ్వు కూడా గ్రూపులో పెట్టావు" అన్నాడు.

డబ్బా మర్నాడు క్లాసుకు పట్టుకెళ్ళాడు. పప్పు ఓ గాజు సీసాలోకి మార్చాను. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫ్యామిలీ గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్ళి ఆ వీడియో పట్టుకున్నాను. దాని కింద నేను పెట్టిన నవ్వు బొమ్మలు మూడు. తీసేద్దామని నొక్కితే, నా ఫోన్లో మాత్రమే పోతుందంది.