ఏ బూజు అమ్మా?

"కింది గదిలో బూజు పట్టినట్టుంది, ఓసారి చూసి రా" అంటే మా అబ్బాయి బూజుకర్ర పట్టుకుని వెళ్లాడు. పది నిమిషాలకి తుమ్ముకుంటూ పైకి వచ్చాడు. "సాలెగూళ్లేం లేవమ్మా, గోడ మీద నల్లగా ఉంది. దులిపితే సగమే పోయింది" అన్నాడు. పొడి చీపురుతో దాన్ని దులిపితే ఆ పొడి గదంతా లేచి, తడి ఉన్న చోట పడితే మళ్లీ మొలుస్తుందని అప్పటికి నాకూ తెలియదు.

తప్పు వాడిది కాదు. మనకి సాలెగూడూ బూజే, ఆవకాయ మీద తెల్లగా కట్టేదీ బూజే. ఒడియాలో వాటికి వేర్వేరు మాటలున్నాయి. మొదటిది బుఢియాణి జాల, రెండోది ఫింపి. "ఫింపి అని చెప్తే సరిపోయేది కదా" అన్నాడు వాడు. ఇంట్లో తెలుగే మాట్లాడాలన్న నియమం నాదే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

మేముండేది ఒడిశాలోని కొరాపుట్‌లో. ప్రవాసం అంటే అందరూ విమానం ఎక్కి వెళ్లేదే అనుకుంటారు. మాది సాలూరులో బస్సెక్కి, ఘాటీ మలుపులు తిరిగి, సుంకి, పొట్టంగి దాటి చేరే ప్రవాసం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లాలోవే. అయినా పుట్టింటికి వెళ్తే "ఒరిస్సా వాళ్లు వచ్చారు" అంటారు, ఇక్కడ వీధిలో మమ్మల్ని "తెలుగు ఘరొ" అంటారు. పిల్లలకి ఈ రెండూ పట్టవు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, వీధిలో ఇక్కడి యాస ఒడియా అయిన దేసియా, ఇంట్లో నా భయానికి తెలుగు.

ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇళ్లు వాలు మీద కడతారు. మా ఇల్లు వీధి వైపు నుంచి చూస్తే ఒక అంతస్తు, వెనక నుంచి చూస్తే రెండు. ఆ కింది గదికి మూడు వైపులా గోడలు మామూలువే, నాలుగోది కొండకి ఆనుకుని ఉంటుంది. అంటే గోడ వెనక ఉన్నది గాలి కాదు, మట్టి. వానాకాలం నాలుగు నెలలూ ఆ మట్టి నీళ్లు తాగి గోడకి పంచుతుంది. అయిదేళ్ల పాటు మేం చేసిన వైద్యం ఒక్కటే. దసరాకి పెచ్చులు గీకించడం, పుట్టీ పెట్టించడం, వాటర్‌ప్రూఫ్ అని రాసున్న రంగు వేయించడం. సంక్రాంతికి చుట్టాలు వచ్చేసరికి గది మెరిసేది. శ్రావణానికి రంగు బుడగలు కట్టేది. బుడగని వేలితో నొక్కితే లోపల నీళ్లు.

మా అత్తయ్య బొబ్బిలి నుంచి వచ్చి గోడ మీద చెయ్యి పెట్టి చూసి "ఏటమ్మా, గోడకి నెమ్ము దిగిపోనాది" అన్నారు. ఆ వారంలోనే అబ్బాయికి దగ్గు పట్టుకుంది. రాత్రిళ్లు పిల్లికూతలు. "వీడికీ నెమ్ము సేసింది" అన్నారు ఆవిడే. డాక్టరు దగ్గర నా ఒడియా ఎప్పుడూ తడబడుతుంది కాబట్టి ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయిని తోడు తీసుకెళ్లాను. అది నెమ్ము అన్న మాటని తిన్నగా ఒడియాలోకి దించి "ఛాతీరె ఓదా" అంది. గుండెల్లో తడి అని! ఆయన నవ్వి, స్టెతస్కోపు పెట్టి చూసి, "తడి ఛాతీలో కాదు, ఇంట్లో ఏమైనా ఉందా?" అని అడిగారు. బూజు పట్టిన గదిలో పడుకుంటే కొందరు పిల్లల్లో ఉబ్బసం రేగుతుందని, గది సంగతి చూడకుండా మందులు మార్చి లాభం లేదని చెప్పారు. వాడి పడక ఆ రోజే పైకి మారింది.

న్యూజెర్సీలో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేస్తే "మీకూ బేస్‌మెంట్ కష్టాలా వదినా!" అని ఉత్సాహపడిపోయింది. వాళ్లకి గుంట తవ్వి పెట్టిన పంపు ఉంటుందిట, నీళ్లు చేరగానే అదే తోడి బయట పోస్తుందిట. గాల్లో తేమ లాగే యంత్రాన్ని 50 శాతం దగ్గర పెట్టి వదిలేస్తారుట. అన్నీ చెప్పి చివర్లో "ముందు తడి ఎటునుంచి వస్తోందో చూసుకో" అంది. పనికొచ్చిన ముక్క అదే.

అది చూడటానికి ఖర్చేమీ లేదు. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ని జానెడు ముక్కలు కోసి, అంచులన్నీ గాలి దూరకుండా టేపుతో గోడలకి అంటించి రెండు రోజులు వదిలేశాం. పిల్లలిద్దరూ పరీక్షా ఫలితాలకి కూడా అంత ఎదురుచూడలేదు. కొండ వైపు గోడ మీద ఫాయిల్ విప్పితే వెనక వైపు తడిసి ఉంది, అంటే గోడలోంచే నీరు వస్తోంది. పక్క గోడ మీదది మాత్రం ముందు వైపు చెమర్చింది, అంటే గదిలోని గాలి చల్లటి గోడకి తగిలి నీరవుతోంది. ఒకే గదిలో రెండు రోగాలు. రెండోది నా చలవే. మంచు కమ్మిన రోజున కూడా "గాలి ఆడనీ" అని కిటికీలు తెరిచేదాన్ని. తేమగాలిని చేతులారా లోపలికి పిలిచి, పైగా బట్టలు కూడా ఆ గదిలోనే ఆరేసేదాన్ని.

నల్ల మచ్చలు కడగబోతే ఇంకో గండం. బ్లీచింగ్ కలిపిన బకెట్లో బాత్రూం యాసిడ్ కూడా ఓ మూత పోస్తే తొందరగా వదులుతుందని నేను సీసా తీశాను. అమ్మాయి పరిగెత్తుకొచ్చి లాక్కుంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన గదిలో ప్రాణం మీదికి వస్తుంది. చివరికి సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు, చేతులకి తొడుగులు, ముక్కుకి ఎన్95 మాస్కుతోనే పని అయింది. ఉబ్బిన పెచ్చులు మాత్రం కడగలేదు, రాల్చేశాం.

మిస్త్రీ పూరీ వైపు మనిషి. చూడగానే లోపలి గోడ వదిలేసి ఇంటి వెనక్కి నడిచాడు. కప్పు మీది వాన గొట్టం సరిగ్గా గోడ మొదట్లో పోస్తోంది. అది చూపించి "పాణి బాట ఖోజుఛి" అన్నాడు. నీళ్లు దారి వెతుక్కుంటున్నాయిట. గోడ వెంట కందకం తవ్వి, అడుగున చిల్లుల గొట్టం పరిచి, కంకర నింపి, ఆ నీటిని వాలు కిందకి వదిలేయాలి. నేను సరేనని "ఎల్లుండి మొదలుపెట్టు" అన్నాను. అతను నావైపు కాకుండా మా అమ్మాయి వైపు చూశాడు. అది నాకు తెలుగులో విప్పి చెప్పింది. "అమ్మా, ఎల్లుండి రజ. మూడు రోజులు భూమిని తవ్వకూడదు."

జూన్ మధ్యలో వచ్చే ఈ పండగ ఇక్కడికి వచ్చిన కొత్తలోనే చూశాను కానీ, ఉయ్యాలలూ, పొడొ పిఠా అనే పిండివంటా వరకే నాకు తెలుసు. భూదేవికి నెలసరి అని, అందుకే దున్నడం, తవ్వడం మానేసి ఆవిడకి విశ్రాంతి ఇస్తారని నా పదమూడేళ్ల కూతురు వాళ్ల నాయనమ్మ ముందు, నాన్న ముందు, మిస్త్రీ ముందు, మామూలు విషయం చెప్పినట్టు చెప్పేసింది. నేను తల దించుకున్నాను. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాకైతే ఆ మూడు రోజులూ పెరట్లో చాప, చెంబు. ఈళ్లు ఉయ్యాల కట్టి, కొత్త బట్టలు పెడతారేటి?" అన్నారు. ఆ సాయంత్రం పక్కింటివాళ్ల మామిడిచెట్టుకి కట్టిన ఉయ్యాలలో డెబ్బై ఏళ్ల మా అత్తయ్య ఊగారు. పిల్లలకి మన సంప్రదాయాలు అంటించాలని నేను పడే టెన్షన్‌లో ఇటు నుంచి వచ్చేవి కూడా కొన్ని ఉంటాయని ఎన్నడూ లెక్కేసుకోలేదు.

నాలుగో రోజు పార పట్టాడు, అయిదో రోజు వాన పట్టింది. టార్పాలిన్లు కప్పుకుంటూ జూన్‌లో సగం, మిగతాది వానలు వెళ్లాక అక్టోబరులో. లోపలి గోడ పెచ్చులు తీసేశాక వెంటనే పూయొద్దన్నాడు మిస్త్రీ. ఇక్కడి చలికాలం పొడిగా ఉంటుంది కాబట్టి ఇటుకలు బయటపడ్డ గోడని సంక్రాంతి దాటే వరకు అలాగే ఆరనిచ్చాం. ఈసారి చుట్టాలు వస్తే తలుపు మూసేశాను. తర్వాత ప్లాస్టిక్ రంగు కాదు, సున్నం వేయించాం. సున్నం గోడని ఊపిరాడనిస్తుంది, దాని ఘాటుకి బూజు తొందరగా నిలవదు. మా నాన్న ఏటా వేయించేదే. నేనే నామోషీ పడి మానేశాను.

అన్నిటికన్నా బాధ పెట్టింది బీరువా. గోడకి అతికించినట్టు పెట్టిన దాని వెనక పలకంతా పచ్చగా ఉంది. లోపల తెలుగు పుస్తకాలు, నా పెళ్లినాటి వారపత్రికల బైండ్లు, నాన్న రాసిన ఉత్తరాల కట్ట. పుస్తకాలని నీడలో, గాలి తగిలేలా, పేజీలు విసనకర్రలా విప్పి నిలబెట్టాం. ఉత్తరాలకి వెంటనే తీరిక దొరక్క ప్లాస్టిక్ సంచిలో మూసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. ఆరబెట్టే దాకా బూజు పెరగకుండా ఆగుతుందని ఆడపడుచు చెప్పింది. వారం రోజులు నాన్న ఉత్తరాలు బఠానీల పక్కన ఉన్నాయి.

పుస్తకాలు ఆరేస్తూ "వీళ్లకి తెలుగు చదవాలన్న ధ్యాసే లేదు, ఇన్నాళ్లూ ఎవరూ బీరువా తెరవనైనా లేదు" అని గొణిగాను. అమ్మాయి ఒక బైండు తిప్పుతూ "మా ఒడియా పుస్తకాలు హాల్లో ఉంటాయి. వీటిని కింద పెట్టింది నువ్వే కదా" అంది. వెక్కిరింపేమీ లేదు గొంతులో. నేను క్లిప్పులు వెతుక్కునే నెపంతో లోపలికి వెళ్లాను.

ఇప్పుడవి హాల్లో, గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా ఉన్నాయి. కింది గదిలో తేమ చూపే చిన్న మీటరు పెట్టాం. కిందటి వానాకాలంలో 88 చూపించింది, ఈ ఏడు 60 దాటనివ్వకూడదని అబ్బాయి పంతం. దాటితే కిటికీ మూసి, తేమ లాగే యంత్రం పెట్టి, బకెట్లో పడ్డ నీళ్లు గిన్నెతో కొలుస్తాడు. మొన్న పైనుంచే అరిచాడు, "అమ్మా, మెట్ల కింద మూల మళ్లీ బూజు!"

"ఏ బూజు?" అన్నాను.

"ఫింపి బూజు."

మిస్త్రీకి ఫోన్ చేశాను. క్యాలెండర్ చూసుకుని, రజ వెళ్లాక వస్తానన్నాడు.