తులూజ్ వదంతి, మా ఊరి బొడ్రాయి

నల్లగొండ కోర్టులో వకీలుగా ఇరవై రెండేళ్లు గడిచాక, ఏ పుస్తకం చేతికి వచ్చినా సిద్ధాంతం కంటే ముందు సాక్ష్యం వైపు కన్ను పోవడం నాకు అలవాటైంది. ఫ్రెంచి తత్త్వవేత్త వోల్టేర్ 1763లో పరమత సహనం గురించి వెలువరించిన గ్రంథాన్ని ఈ వేసవి సెలవుల్లో చదువుతున్నప్పుడు కూడా అదే జరిగింది. సర్వమత సామరస్యం మీద ఒక గంభీరమైన ఉపన్యాసం ఉంటుందని తెరిస్తే, మొదటి అధ్యాయం ఒక హత్య కేసు ఫైలులాగా మొదలైంది. ఆ తర్వాత రెండు రాత్రులు నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఫ్రాన్సు దక్షిణాన ఉన్న తులూజ్ నగరంలో జాన్ కలాస్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. కాథలిక్కులు నిండిన ఊళ్లో ఆయనది ప్రొటెస్టెంట్ కుటుంబం. 1761 అక్టోబర్ 13 రాత్రి, భోజనాలు ముగిశాక, ఆయన పెద్ద కొడుకు మార్క్ ఆంత్వాన్ కింది అంతస్తులోని దుకాణంలో ప్రాణం లేకుండా కనిపించాడు. ఆ యువకుడు న్యాయశాస్త్రం చదివినవాడు. అయితే ప్రొటెస్టెంట్లకు ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని 1685లోనే రద్దు చేసినందువల్ల, కాథలిక్కునని చర్చి నుంచి ధ్రువపత్రం తేనిదే అతడిని వకీలు వృత్తిలోకి రానివ్వలేదు. నల్లకోటు వేసుకొని బతుకుతున్న నాకు ఈ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ముందుకు సాగబుద్ధి కాలేదు.

ఆత్మహత్య చేసుకున్నవాడి శవాన్ని బోర్లా పడుకోబెట్టి వీధుల్లో ఈడ్చే చట్టం ఆనాడు ఉండేది. ఆ అవమానం కొడుకుకు కలగకూడదని, ఎవరో చంపిపోయారని కుటుంబం మొదట చెప్పింది. తరువాత, ఉరి వేసుకున్నాడన్న నిజం చెప్పింది. మాట మారిన ఆ ఒక్క కారణమే వాళ్ల మెడకు చుట్టుకుంది. ఇంటి ముందు గుమిగూడిన జనంలోంచి, కొడుకు కాథలిక్ మతంలోకి మారబోతున్నాడని తండ్రే చంపాడన్న కేక ఎవరిదో ఒకరిది లేచింది. తెల్లవారేసరికి ఊరంతా దాన్ని నమ్మింది. కాథలిక్ సంఘాలవాళ్లు మృతుడిని మతంకోసం ప్రాణాలిచ్చినవాడిగా ఊరేగించి ఖననం చేశారు. రెండు వందల ఏళ్ల కిందట ప్రొటెస్టెంట్లను ఊచకోత కోసిన రోజును ఏటా ఊరేగింపుతో, భోగిమంటల వంటి మంటలతో పండుగగా జరుపుకొనే నగరం అది. ఆ పండుగకు 1762లోనే రెండు శతాబ్దాలు నిండబోతున్నాయి.

విచారణ జరిగిన తీరు ఇంకా బాధాకరం. తెలిసినవాళ్లు ముందుకు రావాలని చర్చి వేదికల మీదినుంచి ఒక ప్రకటన చదివించారు. అందులో అడిగినవన్నీ నేరాన్ని బలపరిచే విషయాలే. కొడుకు మతం మారబోతున్నాడన్నది రుజువైన సంగతిగా తీసుకొని ఆ ప్రకటన రాశారు. సాక్షులు వరసకట్టారు, కానీ వాళ్లలో చూసినవాడు లేడు. ఫలానా ఆమెకు ఫలానా ఆయన చెప్పగా విన్నామన్నవాళ్లే ఎక్కువ. తులూజ్ న్యాయస్థానంలో పావు రుజువులూ, అందులో సగం రుజువులూ చెల్లుతాయనీ, ఎనిమిది వదంతులు కలిస్తే ఒక పూర్తి రుజువు అవుతుందనీ వోల్టేర్ తరువాత ఇంకొక రచనలో రాశాడు. మా బార్ అసోసియేషన్ గదిలో ఈ మాట చదివి వినిపిస్తే, ఎప్పుడూ సందడిగా ఉండే ఆ గది కొంతసేపు నిశ్శబ్దమైపోయింది. పదమూడు మంది జడ్జీలలో ఎనిమిది మంది మరణశిక్షకు ఓటు వేశారు. 1762 మార్చి 10న కలాస్‌ను చక్రానికి కట్టి ఎముకలు విరగగొట్టారు. చిత్రహింసలో కూడా ఆ అరవై ఏళ్లు దాటిన మనిషి తాను నిర్దోషిననే చెప్పాడు.

వోల్టేర్ అప్పుడు జెనీవా పక్కన ఫెర్నీలో ఉన్నాడు. ఈ గ్రంథాన్ని పొగిడేవాళ్లు ఎక్కువగా దాటవేసే సంగతి ఒకటి ఉంది: కలాస్ దోషి అని వోల్టేర్ కూడా మొదట నమ్మాడు. మార్చి 22న ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, మనమేమంత గొప్పవాళ్లం కాకపోయినా ఈ ప్రొటెస్టెంట్లు మనకంటే అధ్వానం అన్న ధోరణిలో వెటకారం చేశాడు. ఆ కుటుంబం నిర్దోషులని మార్సెయ్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు గట్టిగా చెప్పడంతో ఆయనకు అనుమానం మొదలైంది. స్విట్జర్లాండుకు పారిపోయి వచ్చిన కలాస్ చిన్న కొడుకు దొనాను తన ఇంటికి పిలిపించి, మీ అమ్మానాన్నలు కోపిష్ఠులా అని అడిగాడు. పిల్లల్లో ఒక్కరిని కూడా ఏనాడూ కొట్టలేదని ఆ అబ్బాయి చెప్పాడు. ఏప్రిల్ మొదటి వారానికే వోల్టేర్ తన మాటను పూర్తిగా మార్చుకున్నాడు.

ఈ రెండు వారాల మార్పు నన్ను ఎందుకు ఇంతగా పట్టుకుందో చెప్పాలంటే మా ఊరి సంగతి ఒకటి రాయక తప్పదు. దేవరకొండ వైపు ఉన్న మా ఊళ్లో పీర్ల పండుగకు కొట్టం ముందు గుండం తవ్వేదీ, దట్టీలు కట్టేదీ, మలీద చేసి పంచేదీ ఎక్కువమంది హిందువులే. మా పెద్దనాయన నలభై ఏళ్లు పీరును ఎత్తుకున్న మనిషి. మూడేళ్ల కిందట, పీర్లు లేవడానికి రెండు రోజుల ముందు ఒక తెల్లవారుజామున ఊరి నడుమ ఉన్న బొడ్రాయి ఒక పక్కకు ఒరిగి, అంచు చెక్కుకుపోయి కనిపించింది. కొట్టం వెనక వీధివాళ్లే కావాలని చేశారని ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. నల్లగొండలో కూర్చొని, కోర్టుకు వెళ్లే తొందరలో, నేను దాన్ని మరో రెండు గ్రూపులకు పంపాను. రోజంతా ఇతరుల సాక్ష్యాలను జల్లెడ పట్టే మనిషిని, ఆ పొద్దున ఆ పని చేశాను.

సాయంత్రానికి ఊళ్లో పడుచువాళ్లు కర్రలు పట్టుకొని పోగయ్యారు. పెద్దనాయన బొడ్రాయి పక్కన గొంగడి పరుచుకొని కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడినీ ఆయన ఒకే మాట అడిగాడు: “నువ్వు సూసినవా, ఇన్నవా?” అందరూ విన్నవాళ్లే. అప్పుడాయన రాయి అంచు మీద అంటుకున్న నీలం రంగును గోటితో గీకి చూపించాడు. ఊళ్లో నీలం రంగు ట్రాలీ ఒక్కటే ఉంది. గంట గడవకముందే మా వాడకట్టు పిలగాడే వచ్చి, రాత్రి ఇసుక లోడుతో ట్రాక్టర్ వెనక్కి తీస్తుంటే తగిలిందని, భయపడి చెప్పలేదని ఒప్పుకున్నాడు. ఆ ఏడు కూడా పీర్లు లేచాయి. నేను పంపిన సందేశానికి సవరణ రాశాను కానీ, దాన్ని చదివినవాళ్లు చాలా తక్కువ.

వోల్టేర్ గ్రంథంలో నాకు అన్నిటికంటే విలువైనది పెద్దనాయన చేసినటువంటి పనే. అరవై ఏళ్లు దాటిన తండ్రి ఇరవై ఎనిమిదేళ్ల బలమైన కొడుకును ఒంటరిగా ఉరితీయగలడా అని వోల్టేర్ ప్రశ్నించాడు. ఇంటి పనిమనిషి కాథలిక్. ఆ ఇంటి మరొక కొడుకు మతం మారడానికి తోడ్పడింది ఆమే. అయినా ఆమెను పనిలోంచి తీసెయ్యని కుటుంబం మతం కోసం కన్నకొడుకును చంపుతుందా? ఆ రాత్రంతా అందరూ కలిసే ఉన్నారు కనుక, చంపితే అందరూ చంపి ఉండాలి, లేకపోతే ఎవరూ చంపలేదు. మరి న్యాయస్థానం ఒక్క తండ్రినే ఎందుకు చంపించింది? 1764 జూన్‌లో రాజమండలి తీర్పును కొట్టివేసింది. 1765 మార్చి 9న, అంటే తీర్పు వెలువడి సరిగ్గా మూడేళ్లకు, జడ్జీలు ఏకగ్రీవంగా కలాస్ నిర్దోషి అని ప్రకటించారు. మరుసటి ఏడే ఆ గ్రంథాన్ని రోమ్ నిషిద్ధ పుస్తకాల జాబితాలో చేర్చింది. అదే 1766 జులై 1న, మత ఊరేగింపు ఎదురైతే టోపీ తీయలేదన్నది కూడా ఒక అభియోగంగా, లా బార్ అనే యువకుడి తల నరికి, ఆ శవంతో పాటు వోల్టేర్ రాసిన తాత్త్విక నిఘంటువును కూడా కాల్చారు.

ఇంత చేసిన మనిషి మిగిలిన రచనలను కూడా అదే తక్కెడలో పెట్టి తూచాలన్నది నా పట్టుదల. 1741లో ప్రదర్శించిన నాటకంలో ముహమ్మద్ ప్రవక్తను ఆయన మోసగాడిగా చిత్రించాడు; అది చరిత్ర కాదు, కల్పన. అసలు గురి కాథలిక్ చర్చి మీదేనని సమర్థించేవాళ్లున్నారు. కానీ గురి ఎవరైనా, దెబ్బ తగిలింది వేరొకరికని నాకు అనిపిస్తుంది. టర్కీని ఏలిన ఉస్మానియా సుల్తాన్ పాలనలో ఎన్నో మతాలవాళ్లు ప్రశాంతంగా బతుకుతున్నారని సహన గ్రంథంలో ఆయనే ఉదాహరణ ఇచ్చాడు గనుక, ముస్లింల విషయంలో కొంతైనా దిద్దుకున్నాడనుకోవచ్చు. హిందూ ధర్మం మీద ఆయనకు గౌరవం ఉండేది. అయితే ఆ గౌరవానికి ఆధారంగా పట్టుకున్న ‘ఎజుర్వేదం’ అసలు వేదమే కాదు, మతప్రచారకులు అల్లిన ఫ్రెంచి రచన. దాన్ని మచిలీపట్నంలోని ఒక మిషనరీ రాశాడని 1782లో సొన్నెరా అనే యాత్రికుడు ప్రకటించాడు. పొగడ్త అయినా సరే, విన్న మాట మీద నిలబెడితే అంతే.

యూదుల విషయంలో మాత్రం ఏ సమర్థనా నాకు సరిపోలేదు. వాళ్లను తగలబెట్టకూడదని రాస్తూనే, ఆ జాతి మొత్తాన్ని అజ్ఞానులనీ, అనాగరికులనీ తాత్త్విక నిఘంటువులో తిట్టాడు. కలాస్ కోసం ఒక కుర్రవాడిని ఇంటికి పిలిపించి ప్రశ్నలు అడిగిన మనిషి, ఇక్కడ ఎవరినీ పిలిచి అడగలేదు. ఆ పేజీ అంచున పెన్సిలుతో, మా పెద్దనాయన అడిగిన మాటనే రాసిపెట్టుకున్నాను: “నువ్వు సూసినవా, ఇన్నవా?”