650 రూపాయల గోరువెచ్చటి గ్లాసు

నెల్లూరులో మూడు రోజులున్నాను. రంగనాయకుల గుడి, మైపాడు, మలైకాజా గురించి అందరూ రాశారు, నేను రాయను. మనసులో మిగిలింది ఓ బార్‌లో 650 రూపాయలు పెట్టి తాగిన గ్లాసు. మెనూలో పేరు మందార టీ కాక్‌టెయిల్. వచ్చింది వెలిసిపోయిన గులాబి రంగు నీళ్లు, పైన రెండు ఐసు పెంకులు. ఆ డబ్బుతో చేపల పులుసు భోజనం ఇద్దరం కడుపునిండా తినుండేవాళ్లం.

తప్పెక్కడో మొదటి గుక్కకే తెలిసింది. అప్పుడే దించిన టీని ఐసు మీద పోశారు. ఐసు కరిగి సగం నీళ్లయింది. పైగా అది కప్పులో తాగే టీ అంత పలచగానే కాచింది. మందు, నిమ్మరసం, సోడా, కరిగే ఐసు అన్నీ వచ్చి కలిసేదానికి అది ఏం ఆనుతుంది? కాఫీకి దించినట్టు చిక్కటి డికాషన్ దించాలి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఆ తర్వాతే గ్లాసు జోలికెళ్లాలి. ఇంకోటి, మందార టీ అని ఎండబెట్టి అమ్మేది పెరట్లో పూసే మందారం కాదు. గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులు. 250 మి.లీ. మరిగిన నీళ్లలో 8 గ్రాములు వేసి ఆరు నిమిషాలు ఉంచితే చాలు. దానికదే పుల్లన, కాబట్టి నిమ్మరసం సగానికి సగం తగ్గించుకోవాలి.

మర్నాడు పొద్దున్నే పొదలకూరు బస్సెక్కాను, నిమ్మకాయల మార్కెట్ కోసం. కిలో అడిగితే నవ్వారు. అక్కడంతా బస్తాల లెక్క. చివరికి బయట గంప పెట్టుకున్నామె దగ్గర కొన్నా. ధర నెల్లూరు బజారుకన్నా రూపాయి తగ్గలేదు, బస్సు ఛార్జీ అదనం. "తొక్క నున్నగా పల్చగుండేదే తీస్కో అబ్బయా, గరుకు కాయలో రసముండదు" అని మాత్రం ఉచితంగా చెప్పింది. నిజమే. అయినా కాయల లెక్కన కాక్‌టెయిల్ కలపకూడదు. ఒక కాయ 10 మి.లీ. ఇస్తే ఇంకోటి 20 ఇస్తుంది. కొలత కప్పుతో కొలవాలి, కలిపే ముందే పిండాలి. పొద్దున పిండిన రసం సాయంత్రానికి రుచి మారిపోతుంది.

సాయంత్రం స్నేహితుడి ఇంట్లో నిమ్మగడ్డి కాచాం. వాళ్లమ్మ వంటింట్లోకి తొంగిచూసి "జొరమొచ్చిందా నాయనా?" అనడిగింది. కాదని చెప్పాలన్నా నోరు రాలేదు. రెండు కాడల అడుగు భాగం రోట్లో నలగ్గొట్టి, 300 మి.లీ. నీళ్లలో సన్నటి సెగ మీద అయిదు నిమిషాలు కాచి, స్టవ్ ఆపి మూతపెట్టి పది నిమిషాలు వదిలేశాం. తులసి వేసుకోవాలంటే స్టవ్ ఆపాక, చివరి మూడు నిమిషాలే. మరిగిస్తే ఘాటెక్కి మిగతా రుచుల్ని కప్పేస్తుంది. వడగట్టేటప్పుడు ఆకుల్ని పిండకండి, చేదూ మడ్డీ దిగుతాయి.

ఒక గ్లాసుకి జిన్ 45 మి.లీ., చల్లటి డికాషన్ 60, నిమ్మరసం 15, చక్కెర నీళ్లు సమానంగా కరిగించిన పాకం 15. షేకర్ లేదు, మూత బిగుతుగా ఉన్న స్టీలు సీసాలో నిండా ఐసు వేసి పన్నెండు సెకన్లు గట్టిగా ఊపాం. ఐసు తక్కువైతే త్వరగా కరిగి పలచనవుతుంది, చాలామంది దాన్ని పొదుపు చేసి గ్లాసు పాడుచేస్తారు. గ్లాసులోకి వడగట్టాక పైన 60 మి.లీ. సోడా. సోడాని మాత్రం సీసాలో పోసి ఊపొద్దు, గ్యాసుకి మూత లేచిపోతుంది.

గోడ మీద శంఖుపూలు చూసి ఊరుకోలేకపోయాను. పన్నెండు ఎండు పూలు 150 మి.లీ. వేడి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే ముదురు నీలం దిగుతుంది. రుచి పెద్దగా ఏమీ ఉండదు, కాస్త పచ్చిగడ్డి వాసన, అంతే. అందుకే దాన్ని రంగుకే వాడుకోవాలి. నిమ్మరసం, పాకం గ్లాసు అడుగున పోసి, నిండా ఐసు వేసి, జిన్ కలిపిన నీలం డికాషన్‌ని స్పూను వెనకవైపు మీదుగా మెల్లగా జార్చాలి. చక్కెర బరువుకి పాకం అడుగునే ఉంటుంది. స్పూనుతో తిప్పగానే పులుపు తగిలి నీలం కాస్తా ఊదా, గులాబి అవుతుంది. పూలలోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పుల్లదనాన్నిబట్టి రంగు మార్చుకుంటుంది. ముందే నిమ్మరసం కలిపేస్తే ఆ వేడుక ఎవరికీ కనపడదు.

సుగంధి వేళ్లు వైట్ రమ్‌తో బాగా కుదిరాయి. లోపలి పుల్ల తీసేసి పైబెరడే వాడాలి, సువాసనంతా అందులోనే. 20 గ్రాములు దంచి, 250 మి.లీ. వేడి నీళ్లలో మూతపెట్టి రాత్రంతా నానబెట్టాలి. మూత లేకుండా మరిగిస్తే ఆ వాసన ఇల్లంతా నిండి గ్లాసులో మిగలదు.

మిగిలిన నిమ్మగడ్డి డికాషన్‌ని ఐసు ట్రేలో గడ్డకట్టించాం. ఆ ముక్కలు కరిగినా రుచి పలచబడదు. మూడో రోజు మధ్యాహ్నం వాటిని మందు లేకుండా గోళీ సోడాలో వేసుకుని తాగి, నెల్లూరులోనే ఉన్న మద్రాసు బస్టాండుకి ఆటో మాట్లాడుకున్నాను. 120 అన్నాడు, 80కి వచ్చాడు.