బరువు కంటే ముందు కర్ర

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ స్నాచ్‌లో (బరువులు బిగించిన కడ్డీని, అంటే బార్‌ని, ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తల పైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఇటు నెల్లిమర్ల వైపు కొండవెలగాడ అంటేనే వెయిట్‌లిఫ్టింగ్. అందుకే మన పిల్లలు బడి వదలగానే వచ్చి అడిగే మొదటి మాట: "ఎంత ఎత్తొచ్చు సార్?"

మంచి కోచ్ కొన్ని వారాలు దానికి జవాబే చెప్పడు. చేతికి కర్రో, పీవీసీ పైపో ఇస్తాడు. ఆడవాళ్ల బార్ 15 కిలోలు, మగవాళ్లది 20. పన్నెండేళ్ల పిల్లకి ఖాళీ బారే బరువు మరి!

ఎక్కువమంది చేసే తప్పు, బార్ నేల వదలగానే మోచేతులు మడవడం. కాళ్లూ తుంటీ చేయాల్సిన పని చేతుల మీద పడుతుంది, బార్ ఒంటికి దూరంగా పోయి ముందుకు జారుతుంది. చేతులు తాళ్లలా వేలాడాలి, కాళ్లు నేలను తొక్కాలి. నడుం గుండ్రంగా వంగితే బరువు తగ్గించాలి, అరవడం కాదు. ఎత్తే తీరు కుదిరాకే అటొకటి ఇటొకటి 1.25 కిలోల ప్లేట్లు.

పోటీలో స్నాచ్‌కి మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కి మూడు, అంతే ప్రయత్నాలు. అడిగిన బరువు ఎత్తలేకపోతే తగ్గించుకునే వీల్లేదు. ఏ ఒక్కదాంట్లో మూడూ తప్పినా, రెండూ కలిపిన మొత్తం లెక్కలోకే రాదు. అందుకే మొదటిసారి, సాధనలో ఎన్నడూ తప్పని బరువే అడగాలి. ఆ అంకె పిల్లే చెప్పాలి. గ్యాలరీలో కూర్చున్న నాన్న కాదు.