ఉక్కునగరం నుంచి అచ్యుతాపురం కూడలి దాకా

మధ్యాహ్నం పన్నెండింటికి విశాఖపట్నం ద్వారకా బస్ కాంప్లెక్స్‌లో కూర్మన్నపాలెం బస్సు ఎక్కాను. ఉక్కు కర్మాగారంలో రెండు గంటలకు షిఫ్టు మారుతుంది. ఆ వేళకు ఉక్కునగరంలో ఉండి, ఇంటికీ పనికీ నడుమ దూరమెంతో కళ్ళారా చూడాలనుకున్నాను. పర్యావరణహిత పట్టణాల కోసం బ్రిటన్ ప్రభుత్వం 2009లో పెట్టిన నియమాలు చదివినప్పటి నుంచి నాలో ఉన్న కోరిక ఇది. కొత్త ఇల్లు ఒక్కింటికి కనీసం ఒక ఉద్యోగమైనా, నడిచో సైకిలు మీదో బస్సులోనో తేలిగ్గా చేరగలిగేంత దగ్గరలో ఉండాలనీ, ఆ ఊళ్ళో మొదలయ్యే ప్రయాణాల్లో సగమైనా కారు లేకుండా సాగాలనీ వాటిలో ఉంది.

ఉక్కునగరం ఆ నియమాలకు ఎన్నో ఏళ్ళు పెద్దది. 1971లో శంకుస్థాపన జరిగిన కర్మాగారం కోసమే, సెక్టార్ల వారీగా క్వార్టర్లు, బడులు, ఆసుపత్రితో దాన్ని కట్టారు. ఒకటిన్నర దాటగానే క్యారేజీలు తగిలించుకున్న స్కూటర్లు చెట్ల నీడన గేటు వైపు సాగడం చూసి నిజంగా సంతోషించాను. కానీ తిరుగుదారిలో కూర్మన్నపాలెం కూడలిలో, గాజువాక వైపూ అగనంపూడి వైపూ ఆటోల కోసం ఎండలో నిలబడ్డ కాంట్రాక్టు కార్మికులు కనిపించారు. ఆ నీడ వాళ్ళ ఇళ్ళ దాకా రాదు.

మర్నాడు సాయంత్రం అచ్యుతాపురంలో ఉన్నాను. అక్కడ సుమారు 1,000 ఎకరాల బ్రాండిక్స్ దుస్తుల పార్కులో పనిచేసేవారిలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. షిఫ్టు వదలగానే కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. ఒక్కో బస్సు ఎన్ని ద్విచక్రవాహనాల పొగను తప్పిస్తుందో ఆలోచిస్తే ఆ ఏర్పాటును తప్పుపట్టలేను. అయితే కూడలిలో బస్సు దిగి కూరగాయలు కొంటున్న ఒకామెను, ఇక్కడే ఇల్లు తీసుకోవచ్చు కదమ్మా అని అడిగితే, "ఇక్కడ అద్దె కడితే మిగిలేదేటండి? పిల్లలు ఊళ్ళో అత్త కాడున్నారు" అంది.

ఆ మాటతో ఇంటికో ఉద్యోగమన్న లెక్కలో ఏది తప్పిపోయిందో నాకు తెలిసింది. ఇళ్ళనూ ఉద్యోగాలనూ సరిసమానంగా ఒకేచోట పెట్టినా, ఆ జీతం ఆ ఇంటి అద్దెకు చాలకపోతే కార్మికురాలు బస్సులోనే మిగిలిపోతుంది. పార్కు గేటుకు నడక దూరంలో ఆమె జీతానికి తగిన అద్దె ఇళ్ళు, పిల్లల్ని చూసుకునే కేంద్రం ప్రణాళికలో మొదటి పేజీలోనే ఉండాలని నా అభిప్రాయం. ఆమె సంచీ సర్దుకుని, చీకటి పడుతుండగా ఊరికి పోయే ఆటో ఎక్కింది.