ఎంవీపీ కాలనీ నుంచి టాంపినీస్‌కి

మా అమ్మాయి సింగపూర్‌లోని టాంపినీస్ ప్రాంతంలో ఉంటుందనగానే "అంత దూరమా అండీ!" అంటారు. నిజానికి మా విశాఖ నుంచి అక్కడి చాంగీ విమానాశ్రయానికి గగన మార్గంలో సుమారు 2,900 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానంలో నాలుగు గంటలు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హైదరాబాద్ చేరేది మర్నాడు పొద్దున్నే కదా!

చెన్నై నుంచి సింగపూర్‌కీ దాదాపు అంతే దూరం. అంటే చెన్నై మీదుగా టికెట్ తీసుకుంటే ముందు 600 కిలోమీటర్లు నైరుతికి వెళ్లి, మళ్లీ మొత్తం దూరం మొదలుపెట్టాలి. మధ్యలో పడిగాపులు వేరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, కొంచెం ఖర్చెక్కువైనా నేరు విమానమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

గడియారం సంగతి నాకు భలే ఇష్టం. ఇక్కడ రాత్రి 11కి బయల్దేరితే మన లెక్కలో దిగేది 3 గంటలకి. అక్కడ అప్పటికే 5:30, అంటే గడియారాల తేడా రెండున్నర గంటలు. సూర్యుడి లెక్కన మాత్రం తేడా గంటా ఇరవై నిమిషాల పైచిలుకే. మన దేశ కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్లోంచి పోతుంది కాబట్టి, విశాఖలో గడియారమూ సూర్యుడూ దాదాపు కలిసే నడుస్తాయి. సింగపూర్ మాత్రం 1982లో తన గడియారాన్ని అరగంట ముందుకి జరుపుకుంది. అందుకే అక్కడ ఏడింటికి గానీ తెల్లారదు.

ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే తొమ్మిది గంటలు వేసుకోండి. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి మరి. దిగాక టాంపినీస్ పక్కనే.